ఇరవై ఎనిమిది అంగుళాల గట్టు

గారెలు వేస్తుండగా పీట జారింది. నేను పడలేదు, బాణలీ పడలేదు. పడకుండా ఆపుకోవడానికి గట్టు అంచు పట్టుకోబోయి, చేతిని బాణలికి తగిలించాను. నూనె చింది ఎడమ మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. పొయ్యి ఆపి, కుళాయి కింద చేయి పెట్టి, ఆ నీళ్ళ చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పీట మీద కాదు, గట్టు మీద.

నా ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. శామీర్‌పేట దగ్గర ఈ కాలనీలో ఇల్లు కొనుక్కుని మేం వచ్చి పదకొండేళ్ళయింది. బిల్డరు కట్టిచ్చిన వంటగట్టు నేల నుంచి ముప్పై నాలుగు అంగుళాలుంటుంది. దాని మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె పెడితే గిన్నె అంచు నా భుజాల దాకా వస్తుంది. లోపల ఏం ఉడుకుతోందో చూడాలంటే మునివేళ్ళ మీద లేవాలి. అందుకే వచ్చిన మొదటి నెలలోనే భోజనాల పీట ఒకటి తెచ్చి గట్టు ముందు వేసుకున్నాను. పదకొండేళ్ళు ఆ పీట ఎక్కుతూ దిగుతూ వండాను. పోపు వేసి కరివేపాకు కోసం దిగడం, ఆవాలు మాడేలోపు మళ్ళీ ఎక్కడం. ఇంటికి వచ్చినవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

మావారు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. ఆ సాయంత్రం వచ్చి, నా చేతికి మందు రాసి, పీటను తిరగేసి, దాని నాలుగు మూలలా పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించారు.

"ఇక జారదు. తోసినా కదలట్లేదు చూడు," అన్నారు.

"నాకు పీట వద్దండి."

"మరి?"

"గట్టు కిందికి రావాలి."

"గ్రానైట్ గట్టు కిందికెలా వస్తుంది?" అన్నారు. వేళాకోళంగా కాదు, నిజంగానే అడిగారు.

ఎదురుగోడ వైపు చూపించాను. అక్కడ ఫ్రిజ్, బియ్యం డ్రమ్ము, పాత పేపర్ల దొంతర ఉన్నాయి. అవి తీసేస్తే ఎనిమిదడుగుల గోడ ఖాళీగా ఉంటుంది. అక్కడ ప్లైవుడ్‌తో అరలు చేసి, పైన రాయి పరిచి, పొయ్యి అటు మార్చుకోవచ్చు. సింకు పాత గట్టులోనే ఉంటుంది. అంతవరకు రాజీ పడతానన్నాను.

మేడ్చల్ నుంచి కిచెన్లు చేసే కార్పెంటర్‌ను పిలిపించాం. వచ్చి గోడ చూశాడు, కొలిచాడు, ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. నన్ను మాత్రం కొలవలేదు. ఇరవై ఎనిమిది అంగుళాలు అని చెప్పగానే టేపు చుట్టేశాడు.

"గంత కిందికి ఎవ్వలు పెట్టుకోరు మేడమ్. ముప్పై నాలుగు స్టాండర్డు. గీ ఏరియాల నేను ఎన్ని కిచెన్లు జేసిన్నో లెక్కనే లేదు, ఒక్కలు గూడ ఇట్ల అడగలె."

"నేను అడుగుతున్నాను కదా."

"రేపు ఇల్లు అమ్ముకుంటే కొనేటోడు ఏమంటడు? కోడలు వస్తె ఆమె ఎట్ల జేస్తది? ఇగ కింద సిలిండర్ గూడ పట్టది."

"సిలిండర్ వెనక వాష్ ఏరియాలో పెట్టి, గోడలోంచి పైపు వేయించుకుంటాను."

అతను నన్ను దాటి మావారి వైపు చూశాడు. "సార్, మీరన్న జెప్పుండ్రి."

మావారు కొంచెం ఇబ్బందిగా, "ముప్పై రెండు పెడితే అందరికీ సరిపోతుందేమో," అన్నారు.

అందరికీ అంటే ఎవరికో నాకు అర్థం కాలేదు. ఆ వంటగదిలో నిలబడేది నేనొక్కదాన్నే. ఎక్కడా లేని కోడలికి, ఇంకా రాని కొనుగోలుదారుకి, తలుపు దగ్గర నిలబడి ఉన్న మావారికి, అందరికీ అందులో చోటుంది. నాకే లేదు.

"మీరు చేయకపోతే నేనే చేసుకుంటాను," అన్నాను.

కార్పెంటర్ మర్యాదగానే నవ్వాడు. "షీటు ఎన్నడన్న లేపిండ్రా మేడమ్? ఎనిమిదడుగులు పొడుగు, నాలుగడుగులు ఎడల్పు ఉంటది. మీకంటె డబులు."

నేను మరీ తెలియక అన్న మాట కాదది. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలకు గోళాలూ శంకువులూ చేత్తో పట్టుకుంటే తప్ప ఎక్కవని, పోర్టికోలో కారు వెనక ఒక బల్ల వేసుకుని, రంపం, డ్రిల్లు, ఉప్పుకాగితం పెట్టుకుని చెక్కతో నమూనాలు చేయడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. చెప్పుల స్టాండు చేశాను. పుస్తకాల అర చేశాను. కానీ అవన్నీ ఒళ్ళో పెట్టుకుని చేసేంత పనులు. నిండు షీటు అంటే వేరే సంగతి. అది నాకూ తెలుసు. తెలిసే అన్నాను.

వేసవి సెలవులు మొదలైన మర్నాడు మేడ్చల్ రోడ్డు మీది ప్లైవుడ్ షాపుకి వెళ్ళాను. ఇల్లు కట్టేవాళ్ళూ మేస్త్రీలూ తప్ప ఇంకెవరూ రాని చోటు అది. తడికి ఆగే రకం, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, మూడు షీట్లు కావాలన్నాను. షాపతను రాసుకుని, "కార్పెంటర్ నంబర్ జెప్పుండ్రి, డెలివరీకి ఫోన్ జేస్తం," అన్నాడు.

"కార్పెంటర్ లేడు. నేనే కోసుకుంటాను."

పెన్ను ఆపి, చూశాడు. "గిది పట్టనీకె ఇద్దరు మొగోళ్ళు గావాలె మేడమ్."

"ఆడవాళ్ళయితే ఎంతమంది కావాలి?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ఎన్నడు జూడలె," అన్నాడు.

ట్రాలీ ఆటోలో వచ్చిన షీట్లను ఇద్దరు మనుషులు దింపి, పొడుగు అంచు నేలకు ఆనేలా పోర్టికో గోడకు ఆనించి వెళ్ళిపోయారు. ఆ రోజంతా వాటి చుట్టూ తిరిగాను. అడ్డంగా నిలబెట్టిన షీటు నా భుజం దాకా వచ్చింది. రెండు చేతులూ చాచినా నాకు ఆ చివరా ఈ చివరా అందవు. ఒకసారి ఎత్తి చూశాను. ఒక మూల లేచింది, రెండో మూల లేవలేదు.

ఆ లేచిన మూలే దారి చూపించింది. ఒక మూల మీద బరువు ఉంచి రెండో మూలను ముందుకు తిప్పాను. తర్వాత దాని మీద బరువు ఉంచి మొదటిదాన్ని తిప్పాను. బీరువాను జరుపుతామే, అలాగే. షీటు గునగునా నడిచి నాతో వచ్చింది. దీన్ని ఎత్తాల్సిన పని లేదు, కోస్తే చాలు, అనుకున్నాను. మూడు బారలు నడిపించేసరికి చెమటతో జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. మెడలో చున్నీ లాంటి కండువా ఒకటి వేసుకుని దానితో ముఖం తుడుచుకుంటూ ఉన్నాను. ఆ కండువా సంగతి ముందే ఆలోచించాల్సింది.

కోసే మిషన్ కొత్తది, గుండ్రటి పళ్ళ చక్రం ఉన్నది. దాన్ని చిన్న చెక్కల మీద వారం రోజులు అలవాటు చేసుకున్నాను. షీటును మాత్రం ఒక్కో మూలా ఎక్కిస్తూ రెండు బల్లల మీద, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి పెట్టి, మధ్యలో ఖాళీ వదిలి పరిచాను. నడుం ఎత్తులో ఉంటే బాగుంటుందనుకున్నాను. గీత గీసి, మధ్యలో అడ్డంగా కోయడం మొదలుపెట్టాను.

మూడు వంతులు బాగానే తెగింది. ఆ తర్వాత షీటు మధ్యలో కుంగింది. కుంగగానే తెగిన రెండు అంచులూ దగ్గరకొచ్చి చక్రాన్ని నొక్కి పట్టుకున్నాయి. మిషన్ ఒక్క ఉదుటున వెనక్కి ఎగిరి నా తొడకి తగిలింది. స్విచ్ వదిలేశాను కాబట్టి సరిపోయింది. అప్పటికే కండువా కొస చక్రంలో చుట్టుకుని, జానెడు గుడ్డ పీలికలైపోయింది. మెడ దగ్గర ముడి వేసుకుని ఉంటే ఏమయ్యేదో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

మావారు ఆ రోజు మధ్యాహ్నమే వచ్చేశారు. పోర్టికోలో పూర్తిగా తెగకుండా కుంగిపోయిన షీటు, బల్ల మీద పీలికలైన కండువా, గడపలో కూర్చుని తొడ మీద ఐసు పెట్టుకుంటున్న నేను. ఆయన వంగి దెబ్బ చూశారు, రక్తం రాలేదని చూసుకున్నారు. మిషన్ తీగ చుట్టి, కారు డిక్కీలో పెట్టి, తాళం వేశారు. మర్నాడు డ్యూటీకి దానితోపాటే వెళ్ళారు.

సాయంత్రం అడిగాను. "మిషన్ ఏదండీ?"

"కంపెనీలో నా లాకర్లో ఉంది. అక్కడే ఉంటుంది."

"అది నాది."

"చెయ్యి కూడా నీదే. అది పోతే నేను కొనివ్వలేను," అన్నారు. గొంతు పెంచలేదు. "కార్పెంటర్‌ని ఇంకొకడిని చూద్దాం. ముప్పై నాలుగుకి ఒప్పుకో. గట్టి పీట చేయిస్తాను."

మర్నాడు పొద్దున ఆయన వంటగదిలోకి వచ్చి కాఫీ కోసం చూస్తే, నేను ముందుగదిలో కూర్చుని పేపరు చదువుతున్నాను.

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి కాఫీ?"

"ఒకసారి ఆ గట్టు దగ్గర నిలబడండి," అన్నాను.

నిలబడ్డారు. ఆయన ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. చేతులు గట్టు మీద ఎలా ఆనాయో దూరం నుంచే కనిపిస్తోంది. మోచేతులు వంచకుండా, భుజాలు లేపకుండా, హాయిగా ఆనాయి.

"సరిగ్గా సరిపోయింది కదా. అది మీ కొలతకు కట్టారు. కాబట్టి మీరే వండండి. నాకు సరిపడే గట్టు వచ్చేదాకా నేను ఆ పీట ఎక్కను."

నేను నవ్వేస్తానని ఆయన అనుకున్నారు కాబోలు, గట్టు దగ్గరే నిలబడ్డారు. నేను పేపరు తిప్పాను.

ఆయనకు మొండితనం లేదని కాదు. ఆ రోజు కాఫీ పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి అన్నం, పెరుగు, ఆవకాయ. రెండో రోజు పప్పు చేయబోయి కుక్కర్లో నీళ్ళు చాలక మాడ్చారు. మూడో రోజు బయటి నుంచి తెప్పిస్తానన్నారు. తెప్పించుకోండి, నాకూ ఒక ప్లేటు చెప్పండి అన్నాను. ఐదో రోజుకి ఉప్మా వచ్చింది. ఏడో రోజుకి బెండకాయ వేపుడు వచ్చింది, బాగుందని చెప్పాను కూడా. గిన్నెలు నేను కడిగాను. సింకు దగ్గర కూడా నాకు చేతులు పైకెత్తితేగానీ అందదు, అది కూడా ఆయన మొదటిసారి చూసినట్టున్నారు. పదకొండేళ్ళుగా నేను గిన్నెలు కడగడం ఆయన చూడలేదని కాదు. చూస్తూనే ఉన్నారు. ఈసారి ఆగి చూశారు.

పదో రోజు ఆదివారం. పన్నెండింటికి అన్నం వార్చి, చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మా ప్లాంటులో నా కళ్ళ ముందే ఒకతని చెయ్యి పోయింది. నీకు చెప్పలేదు," అన్నారు.

పెళ్ళయిన కొత్తలో జరిగిందట. మిషన్ ఆపకుండా బెల్టు సర్దబోయాడట. ఆయనా ఇంకొకరూ అతన్ని వ్యాన్‌లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారట. దారంతా అతను తన చెయ్యి ఎక్కడుందని కాక, చెప్పులు ఎక్కడున్నాయని అడుగుతూ ఉన్నాడట. ఇరవై ఏళ్ళకు పైగా ఈ మాట తనలోనే దాచుకున్న మనిషిని పక్కనుంచి చూశాను. చెయ్యి పట్టుకున్నాను. ఆయన భయం ఉత్తదని నేను ఎప్పుడూ అనలేదు.

"మీ భయం నాకు అర్థమైంది," అన్నాను. "కానీ దాన్ని నా చేతులకు కట్టకండి. నేను ఎందుకు దెబ్బ తిన్నానో నాకు తెలుసు. షీటు కింద ఆధారం లేదు, మెడలో గుడ్డ ఉంది. రెండూ నా తప్పులే. ఈ పది రోజులూ వాటి గురించే ఆలోచించాను. మీరు వద్దన్నందుకు మానేస్తే నేను నేర్చుకున్నది ఏమీ ఉండదు."

"మళ్ళీ ఎగిరితే?"

"ఎగరకుండా ఎలా కోయాలో చూపిస్తాను. నచ్చకపోతే అప్పుడు మాట్లాడండి. అప్పుడు కూడా మిషన్ నా దగ్గరే ఉంటుంది."

మర్నాడు మిషన్‌తో పాటు కళ్ళజోడు, చెవులకు పెట్టుకునేవి, ముక్కుకు కట్టుకునే మాస్కు, ముందువైపు ఇనుము ఉన్న బూట్లు తెచ్చారు. బూట్లు ఆయన కంపెనీలో దొరికిన వాటిలో అన్నిటికన్నా చిన్నవి. అయినా నాకు రెండు వేళ్ళు ఖాళీ మిగిలాయి. రెండు జతల మేజోళ్ళు వేసుకుని తొడిగాను.

ఆ పది రోజుల్లో నాకు తోచింది చాలా మామూలు సంగతి. టైలరు బట్టను గాల్లో పెట్టి కత్తిరించడు, బల్ల మీద పరిచి కత్తిరిస్తాడు. నేను షీటును గాల్లో ఎందుకు పెట్టాను? ఫ్రిజ్ కొన్నప్పుడు వచ్చిన థర్మోకోల్ పలకలు అటక మీద ఉన్నాయి. చాలనివి ఎలక్ట్రికల్ షాపు వెనకనుంచి ఏరుకొచ్చాను. వాటిని పోర్టికో నేల మీద పక్కపక్కన పరిచాను. గోడకి ఆనించి ఉన్న షీటును నడిపించుకొచ్చి, కింది అంచు జారకుండా రెండు ఇటుకలు అడ్డం పెట్టి, పై అంచు పట్టుకుని నెమ్మదిగా నా వైపు వాల్చాను. ఎంత వాల్చినా సగం బరువు నేలే మోస్తుంది. థర్మోకోల్ మీద షీటు నిండుగా పడుకుంది. ఎక్కడా ఖాళీ లేదు, కుంగడానికి చోటు లేదు. చక్రం చెక్కను దాటి అర అంగుళం మాత్రమే కిందికి దిగేలా బిగించాను. కోస్తే థర్మోకోల్ మీద ఒక గీత పడుతుంది, అంతే.

గీత తిన్నగా రావడానికి, మేస్త్రీలు గోడ ప్లాస్టరింగ్ సమం చేసే పొడవాటి అల్యూమినియం పట్టీ ఒకటి కొన్నాను. దాన్ని షీటుకి రెండు క్లాంపులతో బిగించి, మిషన్‌ను దానికి ఆనించి తోయడమే. మోకాళ్ళ కింద పాత దిండు వేసుకుని, షీటు మీదికే ఎక్కి కూర్చున్నాను. పొట్టిగా ఉన్నందుకు మొదటిసారి లాభపడ్డాననిపించింది. నా అంత చిన్న మనిషి ఆ షీటు మీద ఎక్కడ కూర్చున్నా దానికి బరువే తెలియదు.

మావారు గేటు దగ్గర నిలబడ్డారు. ప్లగ్గు ఆయన పక్కనే ఉంది, ఏమైనా అయితే పీకేయడానికి. వద్దనలేదు నేను.

మిషన్ మొదలైంది. పట్టీ వెంట ముందుకు జరుగుతూ, రంపపు పొట్టు ముంజేతుల మీద పడుతుండగా, ఒక్కసారి కూడా ఆగకుండా ఎనిమిదడుగులూ కోశాను. చివర రెండు ముక్కలూ విడిపోయి, ఎక్కడివక్కడే పడుకుని ఉన్నాయి. ఏమీ ఎగరలేదు. మిషన్ ఆపి, చక్రం ఆగేదాకా చూసి, పక్కన పెట్టాను. మావారు ప్లగ్గు దగ్గర్నుంచి వచ్చి తెగిన అంచు మీద వేలు పెట్టి నడిపించారు.

"తిన్నగా వచ్చింది," అన్నారు.

టేపు పెట్టి కొలిచాను. తిన్నగానే వచ్చింది, కానీ మూడు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. చక్రం పళ్ళ మందం నేను లెక్కలోకి తీసుకోలేదు. గీతకు పొడవే ఉంటుంది, వెడల్పు ఉండదని ఏటేటా పిల్లలకు చెబుతాను. పోర్టికోలో గీతకు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ ముక్కను లోపలి అరకు వాడి, తర్వాతి కోతలన్నిటికీ ఆ మూడు కలుపుకున్నాను.

రోజూ తొమ్మిది నుంచి పదకొండు దాకా మాత్రమే కోస్తానని కాలనీ వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టాను. నాలుగో రోజు కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు వచ్చారు. దేవరయాంజాల్ వైపు భూములున్న కుటుంబం ఆయనది. ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం, కొంచెం రాజకీయం. మా వీధిలోనే మూడంతస్తుల ఇల్లు. లోపలికి రాలేదు, గేటు మీద చేతులు ఆనించి మాట్లాడారు.

"మేడమ్, గీ లొల్లి ఏంది? అందరు పరేషాన్ అయితున్నరు."

"ఎవరండీ? గ్రూపులో ఎవరూ వద్దనలేదే."

"ముంగట అనరు గద. ఇండ్లల్ల కార్ఖానలు నడుపొద్దని రూలున్నది."

"నేనేమీ అమ్మట్లేదు. నా వంటగదికి గట్టు చేసుకుంటున్నాను."

"గంత కష్టమెందుకు మేడమ్? ఓ మంచి కార్పెంటర్ ఉన్నడు, నేను పంపిస్త. జల్దీ జేసి ఇస్తడు."

"ఆయన వచ్చి కోస్తే చప్పుడు రాదా?"

ఆయన గేటు గడియను అటూ ఇటూ కదిలించారు.

"పోయినేడు మీ ఇంట్లో మూడు నెలలు కోశారు. పొద్దున ఏడింటికే మొదలుపెట్టేవాళ్ళు. నేను ఆ చప్పుడులోనే పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. ఒక్క మాట అనలేదు."

"అది వేరే మేడమ్. పనోళ్ళు జేసిండ్రు." కొంచెం తగ్గి, "ఆడమనిషి గిట్ల బయట కూసోని మిషన్ కొడుతుంటె సూసెటోళ్ళకు మంచిగ అనిపియ్యది. గందుకే జెప్తున్న," అన్నారు.

నాకు అప్పటిదాకా ఉన్న కొద్దిపాటి బెరుకు కూడా పోయింది. చప్పుడు గురించి అయితే వినేదాన్ని.

"మంచిగా అనిపించనివాళ్ళను ఇటు చూడొద్దని చెప్పండి. నేను పదకొండింటికి ఆపేస్తాను," అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని, చెవులు మూసుకున్నాను. ఆయన ఇంకేదో అన్నారు. పెదాలు కదలడం కనిపించింది. మిషన్ ఆన్ చేశాను.

రెండు రోజులకు అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. ఒక్కపేజీ, వెనక ఖాళీ. చదివి, వెనకవైపు తలుపుల కొలతలు రాసుకున్నాను. జవాబు మాత్రం గ్రూపులో ఇచ్చాను. ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా ఏ ఇంట్లోనైనా ఎవరు కోసినా ఒకే రూలు పెట్టండి, నేను అందరికన్నా ముందు పాటిస్తాను అని. దానికి బొటనవేళ్ళు చాలానే వచ్చాయి. రూలు మాత్రం రాలేదు. నోటీసు కూడా మళ్ళీ రాలేదు.

పెట్టెలు బిగించడానికి మరో మూడు వారాలు పట్టింది. మధ్యలో తప్పులు బోలెడు. ఒక అర తలకిందులుగా బిగించి మళ్ళీ విప్పాను. అంచులకు అతికించిన పట్టీ ఒకచోట లేచింది, ఇప్పటికీ లేచే ఉంది. చివరి తలుపు మూసినప్పుడు పైన ఒక వేలు సందు, కింద అందులో సగం సందు కనిపిస్తుంది. రాయి పరచడానికి వచ్చిన మేస్త్రీ ముందుగా రసమట్టం పెట్టి చూసి, బుడగ మధ్యలో ఆగేసరికి, "ఎవరు జేసిండ్రమ్మా?" అని అడిగాడు. నేనే అన్నాను. మళ్ళీ పెట్టి చూశాడు. మళ్ళీ మధ్యలోనే ఆగింది.

గ్యాస్ మెకానిక్ పైపు బిగించి వెళ్ళిన పొద్దున, కొత్త గట్టు మీద ముందుగా ఏం వండానో గుర్తులేదు. టీ అయి ఉంటుంది. గుర్తున్నది పాదాలు. రెండు మడమలూ నేల మీద నిండుగా ఆని ఉన్నాయి. గిన్నెలోకి కిందికి చూస్తున్నాను. నీళ్ళు కాగేటప్పుడు అడుగునుంచి బుడగలు ఎలా లేస్తాయో నా ఇంట్లో నేను అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు.

మావారు వంట పూర్తిగా మానలేదు. ఆదివారాలు పాత గట్టు మీద ఆయన కూరగాయలు తరుగుతారు, ఇటు నేను పొయ్యి చూసుకుంటాను. ఆయన అప్పుడప్పుడు నా వైపు వచ్చి పోపు వేయబోయి, ఒంగాల్సి వచ్చి నడుం పట్టుకుంటారు. నేను జాలి చూపించను.

వర్షాకాలంలో మా ఆడపడుచు వచ్చి వారం ఉన్నారు. మావారికి అక్క. ఆయనంత పొడుగూ ఉంటారు. వంట ఆవిడ చేతిదే బాగుంటుందని మా ఇంట్లో అందరి నమ్మకం, నాది కూడా. మొదటిరోజే చారు పెడతానని కొంగు దోపుకుని వచ్చి, కొత్త గట్టు ముందు ఆగిపోయారు.

"ఇదేంటే, ఇంత కిందికి పెట్టించారు? ఎవడు చేశాడు?"

"నేనే చేశాను వదినా."

"నువ్వా?" తలుపు తీసి లోపల చూశారు, వేసి మళ్ళీ తీశారు. చేసిన పని బాగుందో లేదో చెప్పలేదు. "చేస్తే చేశావు గానీ, నలుగురూ వచ్చిపోయే ఇల్లు కదా. ఒంగి ఒంగి నడుం పోదూ? నీకు పీట ఉండేదిగా, అది వేసుకుంటే సరిపోయేది."

మావారు గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నారు. ఆయన ఏదైనా అంటారేమోనని నేను ఎదురుచూడలేదు.

"ఇన్నేళ్ళూ నేను ఎక్కాను వదినా. ఈ వారం మీరు కాస్త ఒంగండి," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. నేను నవ్వలేదు. ఆవిడే ఒంగి, పోపు గిన్నె పొయ్యి మీద పెట్టి, "నెయ్యెక్కడ పెట్టావే?" అని అడిగారు.